మంగు సంగతి తర్వాత, ముందు ఆ ట్యూబ్ సంగతి చూద్దాం

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. మాది జగిత్యాల. మా ఆయన గల్ఫ్‌లో ఉంటారు. నేనూ మా అత్తమ్మా కలిసి కర్రీ పాయింట్ నడుపుతున్నాం. చిన్నది కడుపులో ఉన్నప్పుడు నాకు బుగ్గల మీద మంగు వచ్చింది. కాన్పు అయ్యాక పోతుందన్నారు, పోలేదు. ఇప్పుడు దానికి ఏడేళ్లు. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబ్ ఇచ్చారు. మొదట్లో ముఖం అద్దంలా మెరిసింది. ఏడాదిన్నరగా అదే రాస్తున్నాను. ఇప్పుడు రెండు రోజులు మానేస్తే చాలు, మంట, ఎరుపు, మొటిమలు. బుగ్గల మీద వెంట్రుకలు కూడా వస్తున్నాయి. మంగు మునుపటికన్నా నల్లబడింది. మెడ కూడా నల్లగా అయింది, ఎంత రుద్దినా పోవట్లేదు. పీరియడ్స్ సరిగా రావట్లేదని ఆరు నెలలుగా హార్మోన్ మాత్రలు వేసుకుంటున్నాను. అత్తమ్మ జాజికాయ అరగదీసి రాయమంటుంది. మా ఆయన అక్కడినుంచి తెల్లబడే క్రీమ్ పంపిస్తానంటున్నారు. పార్లర్ అమ్మాయి ఇంజెక్షన్లు, లేజర్ అంటోంది. మాఘంలో మా చెల్లి పెళ్లి. అప్పటికి నా ముఖం బాగవుతుందా? మా చిన్నదానికి కూడా బుగ్గల మీద తెల్లమచ్చలు వచ్చాయి. బొల్లి ఏమోనని భయంగా ఉంది.
– ఒక సోదరి, జగిత్యాల

సమాధానం: అమ్మా, మీరు చెప్పినవన్నీ ఒకే జబ్బు కాదు. మంగు ఒకటి, క్రీమ్ వల్ల వచ్చింది ఇంకొకటి, మెడ నలుపు మూడోది, పాప మచ్చలు వాటితో సంబంధం లేనివి. అన్నిటికీ కలిపి ఒకే మందు వెతకడం వల్లే ఇంతదాకా వచ్చింది. ముందు ఆ ట్యూబ్ సంగతి తేల్చాలి.

ట్యూబ్ వెలుతురులో పట్టుకుని, వెనకాల సన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. మీకు చూపు ఆనకపోతే పెద్ద పిల్లల చేత చదివించండి. నా అంచనా నిజమైతే అందులో మూడు పేర్లుంటాయి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మూడోది మోమెటాసోన్ లేదా ఫ్లూసినోలోన్. ఆ మూడోదే స్టెరాయిడ్. బెటామెథాసోన్, ఫ్లూటికాసోన్, క్లోబెటసాల్ అని ఉన్నా అదే జాతి.

ఈ మూడింటి కలయిక కొత్తదేమీ కాదు. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు ఇలాంటి మిశ్రమం గురించి రాశారు. హైడ్రోక్వినోన్ చర్మంలో రంగు తయారవడాన్ని తగ్గిస్తుంది. ట్రెటినాయిన్ పైపొర త్వరగా రాలేలా చేస్తుంది. ఆ రెండూ పుట్టించే మంటను స్టెరాయిడ్ అణచిపెడుతుంది. మందుగా మంచిదే, మేమూ రాస్తాం. కాకపోతే రాత్రిపూట మాత్రమే, మచ్చ ఉన్నచోట మాత్రమే, 8 నుంచి 12 వారాలు, మధ్యలో పిలిచి చూస్తూ. మీరు వాడింది ఏడాదిన్నర, బహుశా ముఖమంతా. ముఖం మీది చర్మం పలచన. అరచేతి మీద పనిచేయని స్టెరాయిడ్ కూడా అక్కడ ఇట్టే లోపలికి దిగుతుంది.

మొదట్లో అంత మెరుపు ఎందుకొచ్చిందంటే, స్టెరాయిడ్ చర్మంలోని సన్నటి రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. దాంతో ముఖం పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది. చిన్నచిన్న వాపులు, దురదలు కూడా అణిగిపోతాయి. చుట్టుపక్కల వాళ్లంతా ‘ఏం రాస్తున్నావు’ అని అడిగేది అప్పుడే. వాళ్లూ అదే ట్యూబ్ కొనేదీ అప్పుడే. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది, నాళాలు మందు లేకపోతే ముడుచుకోలేని స్థితికి వస్తాయి. మానేయగానే ఒక్కసారిగా విచ్చుకుంటాయి. మీకొచ్చే ఎరుపు, మంట అదే. దాని వెనకే మొటిమలు, వెంట్రుకలు. ఆ ఎర్రబడిన చర్మం మీద ఎండ తగిలితే మంగు ఇంకా ముదురుతుంది. అప్పుడు మళ్లీ ట్యూబ్ రాస్తారు, మంట తగ్గుతుంది, ‘ఈ మందు లేకపోతే నాకు కుదరదు’ అనిపిస్తుంది. ఇలా దెబ్బతిన్న ముఖాలు ఎంత ఎక్కువయ్యాయంటే, మన దేశంలోని చర్మవైద్యులే ఈ పరిస్థితికి ‘టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్’ అని విడిగా ఒక పేరు పెట్టుకోవాల్సి వచ్చింది.

చర్మానికి రాసే స్టెరాయిడ్లను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన గట్టి చేసింది. మీకు ఎలా దొరికిందో మీకే తెలుసు. షాపులో ఇచ్చిన కుర్రాడిని అని లాభం లేదు, అడిగినవాళ్లకి అడిగింది ఇవ్వడం అలవాటైపోయింది. మీరు మాత్రం ఇకమీదట ఎవరికీ ఆ పేరు చెప్పకండి.

దాన్ని ఆపాలి. కానీ మీ అంతట మీరు రేపటినుంచి బంద్ పెట్టేసి, మంట భరించలేక నాలుగో రోజున మళ్లీ మొదలుపెడితే ప్రయోజనం లేదు. చర్మవైద్యులు ఒక్కొక్కరికీ ఒక్కో పద్ధతి చెబుతాం. కొందరికి తక్కువ శక్తి ఉన్న స్టెరాయిడ్‌కి మార్చి, రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు అని దించుకుంటూ వస్తాం. కొందరికి వెంటనే ఆపించి, టాక్రోలిమస్ అనే స్టెరాయిడ్ కాని పూతమందు ఇస్తాం. మొటిమల్లాంటి పొక్కులు ఎక్కువగా ఉంటే కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ మాత్రలు కూడా అవసరపడొచ్చు. ఈలోగా వాసన లేని సాదా మాయిశ్చరైజర్, మంట పుట్టినప్పుడు చల్లటి నీళ్లలో తడిపిన మెత్తటి బట్ట. స్క్రబ్, బ్లీచ్, ఫేషియల్, త్రెడింగ్ ఏవీ వద్దు. బుగ్గల మీది వెంట్రుకలను వ్యాక్సింగ్ చేయించుకోకండి. ఆ పలచటి చర్మం వాటితోపాటే ఊడొస్తుంది.

మొదటి రెండు మూడు వారాలు ముఖం ఇప్పటికన్నా అధ్వాన్నంగా ఉంటుంది. ముందే చెబుతున్నాను. ‘డాక్టర్ మందు పడలేదు’ అని చాలామంది మానేసేది సరిగ్గా అక్కడే. తేరుకోవడానికి నెలలు పడుతుంది.

ఇక మంగు. మన చర్మం పైపొర అడుగున రంగు తయారుచేసే కణాలుంటాయి. అవి మెలనిన్ తయారుచేసి పక్క కణాలకు అందిస్తాయి. మంగు ఉన్నచోట ఆ కణాలు అవసరానికి మించి పనిచేస్తుంటాయి. గర్భంతో ఉన్నప్పుడు పెరిగే హార్మోన్లు వాటిని రేపుతాయి. కొందరికి కాన్పు తర్వాత సద్దుమణుగుతుంది, కొందరికి ఉండిపోతుంది. మీ అమ్మగారికో పిన్నిగారికో ఉండి ఉంటే మీకు వచ్చే అవకాశం ఎక్కువ. ఒకసారి వచ్చాక దాన్ని నిలబెట్టేది మాత్రం ఎండ. ఎండంటే అతినీలలోహిత కిరణాలొక్కటే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా మన గోధుమ, చామనఛాయ చర్మాల్లో రంగును పెంచుతుంది. దీనికి వేడి కూడా తోడవుతుంది.

మీ విషయంలో నాకు ఆ వేడి మీదే అనుమానం. కర్రీ పాయింట్ అంటే పొద్దున నాలుగైదు గంటలు, సాయంత్రం మళ్లీ, పెద్ద బర్నర్ల ముందు నిలబడాలి. మూత తీసినప్పుడల్లా ఆవిరి నేరుగా ముఖానికి కొడుతుంది. పొయ్యి మానేయమని నేను చెప్పలేను, అది మీ బతుకుతెరువు. వీలైతే పొయ్యి దగ్గర ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. పొడుగు కాడ గరిటె వాడండి. మూత మీవైపు కాకుండా అవతలివైపు తెరుచుకునేలా ఎత్తండి. వేపుళ్లు, పులుసు మీరూ అత్తమ్మా పంచుకోండి, ఒక్కరే గంటల తరబడి నిలబడకుండా. మధ్యమధ్య ముఖం చల్లటి నీళ్లతో కడుక్కుని మెత్తగా అద్దుకోండి. సన్‌స్క్రీన్ వేడిని ఆపదు కాబట్టి ఈ జాగ్రత్తలు తప్పవు.

అలాగని సన్‌స్క్రీన్ వద్దని కాదు. మంగుకి అది సోకు కాదు, అసలు మందు అదే. అది లేకుండా ఎన్ని వేల రూపాయల క్రీములు రాసినా దండగ. ఎస్‌పీఎఫ్ 30 లేక అంతకన్నా ఎక్కువ, పీఏ అన్నచోట మూడు ప్లస్‌లు ఉన్నది చూడండి. లేత గోధుమ రంగులో ఉండే ‘టింటెడ్’ రకం దొరికితే ఇంకా మంచిది. అందులోని ఐరన్ ఆక్సైడ్ కనిపించే వెలుతురును కూడా కొంత అడ్డుకుంటుంది. మీకు చెమట ఎక్కువ కాబట్టి జెల్ రకం, నీళ్లకు త్వరగా పోనిది అడగండి. ముఖం, మెడ కలిపి రెండు వేళ్ల పొడుగునా పిండినంత రాయాలి. బయటికి వెళ్లడానికి పావుగంట ముందు ఒకసారి, మధ్యాహ్నం ముఖం కడిగాక మళ్లీ. ఇలా రాస్తే 50 గ్రాముల ట్యూబ్ నెలకి అటూఇటుగా అయిపోతుంది. ఒక్క ట్యూబ్ ఆరు నెలలు వచ్చిందని సంతోషపడేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. వాళ్లు రాసుకోనట్టే లెక్క. అంత ఖర్చు పెట్టలేకపోతే స్కార్ఫ్ ఉంది కదా. దట్టమైన నేత, ముదురు రంగు కాటన్ స్కార్ఫ్ ముక్కు మీదిదాకా కట్టుకుని బండి మీద వెళ్లండి. పలచటి తెల్ల చున్నీ వల్ల పెద్ద లాభం లేదు. కూరగాయల మార్కెట్ పొద్దున్నే ముగించుకుంటే మేలు. 10 నుంచి 4 దాకా ఎండ గట్టిగా ఉంటుంది.

స్టెరాయిడ్ నుంచి ముఖం తేరుకున్నాక మంగు మందులు. మీలాంటి దెబ్బతిన్న చర్మానికి నేనైతే అజెలాయిక్ యాసిడ్‌తో మొదలుపెడతాను, అదీ తక్కువ శాతంతో, రోజు విడిచి రోజు. నయాసినమైడ్ కలిపితే చర్మం కాస్త గట్టిపడుతుంది. ఇవి నెమ్మది. మూడు నెలలకి మీకు కాదు, మిమ్మల్ని అప్పుడప్పుడు చూసేవాళ్లకి తేడా తెలుస్తుంది. హైడ్రోక్వినోన్ అవసరమైతే తర్వాత, గడువు పెట్టుకుని. ఏళ్ల తరబడి రాస్తే మచ్చ తగ్గకపోగా నీలం నలుపు కలిసిన, మళ్లీ పోని రంగు దిగుతుంది.

ఈ మధ్య మంగుకి ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు బాగా వాడుతున్నారు. నిజానికి అది అధిక రక్తస్రావానికి ఇచ్చే మందు. తక్కువ మోతాదులో మంగు మీద పనిచేస్తుంది. మీకు ఎవరైనా రాస్తే మాత్రం ‘నేను హార్మోన్ మాత్రలు వేసుకుంటున్నాను’ అని నోరు తెరిచి చెప్పండి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలూ అదీ కలిస్తే రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. పైగా ఆ హార్మోన్ మాత్రలే మంగును పెంచే కారణాల్లో ఒకటి. మీరే ఆపేయకండి. రాసిన గైనకాలజిస్ట్‌ని కలిసి, నాకు మంగు ఉంది, వేరే దారి ఉందా అని అడగండి.

మెడ గురించి. మెడ వెనక చర్మం మందంగా, ముట్టుకుంటే మెత్తటి మఖ్మల్‌లా, మడతలు పడి ఉందా? చంకల్లోనూ అలాగే ఉందా? అయితే అది మట్టి కాదు, ఎండా కాదు. శరీరంలో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు ఇలా వస్తుంది. పీచుతోనూ రాయితోనూ రుద్దితే ఆ ఒరిపిడికి ఇంకా నల్లబడుతుంది, కాబట్టి రుద్దడం ఇవాళే ఆపండి. సరిగా రాని పీరియడ్స్, గడ్డం బుగ్గల మీద వెంట్రుకలు, మెడ నలుపు, ఈ మూడూ ఒకే మనిషిలో ఉంటే పీసీఓఎస్, అంటే అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల తేడా, ఉందేమో చూడాలి. వెంట్రుకలకి స్టెరాయిడ్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), థైరాయిడ్ పరీక్షలు చేయించండి. బరువు ఎక్కువగా ఉంటే కాస్త తగ్గినా మెడ రంగులో మార్పు వస్తుంది. ఇది ఏ క్రీమూ చేయని పని.

జాజికాయ విషయంలో అత్తమ్మతో గొడవ పెట్టుకోకండి, కానీ రాయకండి. అది ఘాటైన దినుసు. మామూలు చర్మం మీదే కొందరికి మండుతుంది, మీకిప్పుడున్న ముఖం మీద పుండుపడినా ఆశ్చర్యం లేదు. మంట తగ్గాక మిగిలేది ఇంకో నల్లమచ్చ. నిమ్మరసం సంగతి మరీ ఘోరం. రాసుకుని ఎండలోకి వెళితే అందులోని రసాయనం సూర్యకాంతితో కలిసి చర్మాన్ని కాలుస్తుంది. పాలమీగడ, పెసరపిండి లాంటివి హాని చేయవు, మంగు మీద పనిచేయవు.

మీవారు పంపిస్తానన్న క్రీమ్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. వద్దనండి. విదేశాలనుంచి, ఆన్‌లైన్‌లో వచ్చే కొన్ని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉంటోంది. అదీ రంగును త్వరగా తగ్గిస్తుంది, కాకపోతే చర్మంలోంచి రక్తంలోకి, అక్కడినుంచి కిడ్నీల్లోకి చేరుతుంది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో 2021, 2023 మధ్య ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చినవాళ్లను అక్కడి వైద్యులు ఆరా తీస్తే, చాలామంది ఇలాంటి ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లని తేలింది. ముఖం, కాళ్లు వాచడం, మూత్రం నురగగా పోవడం దీని లక్షణాలు. తయారుచేసినవాళ్ల చిరునామా లేకపోయినా, లోపలేముందో రాయకపోయినా, ‘కాలోమెల్’ అనో ‘మెర్క్యురీ’ అనో ఉన్నా, ‘బంగారం వెండి తగలనీయకండి’ అని హెచ్చరిక ఉన్నా దాన్ని ఇంట్లో ఉంచకండి. ఆయన ప్రేమతోనే అంటున్నారు. సన్‌స్క్రీన్ పంపమనండి, అక్కడ మంచివే దొరుకుతాయి.

తెల్లబడే గ్లూటాథయోన్ ఇంజెక్షన్ల గురించి పార్లర్ అమ్మాయి మాట వినకండి. చర్మం తెల్లబరచడానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఏ ఇంజెక్షన్‌కీ అనుమతి ఇవ్వలేదు. మంగుకి దానితో పనిలేదు, నరంలోకి ఎక్కించే ఏ మందుకైనా ఉండే ప్రమాదం మాత్రం ఉంటుంది. లేజర్ పనికిరానిదని అనను, కానీ మన రంగు చర్మంలో మంగుకి అది ఆఖరి వరసలోది. వేడి తగిలితేనే ముదిరే మచ్చ మీద వేడి పుట్టించే పరికరం పెడుతున్నామని గుర్తుపెట్టుకోండి. కొన్నిసార్లు తగ్గినట్టే తగ్గి రెట్టింపై తిరిగొస్తుంది, కొన్నిసార్లు నల్లమచ్చ మధ్య తెల్లచుక్కలు మిగులుతాయి. స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖానికైతే ఇప్పుడప్పుడే వద్దేవద్దు.

పెళ్లి సంగతి అడిగారు. మాఘానికి మంగు మాయమవుతుందని నేను రాసివ్వలేను. మంట, ఎరుపు, పొక్కులు చాలావరకు తగ్గి ముఖం ప్రశాంతంగా కనిపించే అవకాశం ఉంది, ఇవాళే మొదలుపెడితే. మిగిలిన మచ్చకి ఆ రోజు మేకప్ వేసుకోండి. నలుపు మీద ముందు నారింజ రంగు కరెక్టర్ కొంచెం అద్ది, పైన మీ రంగు ఫౌండేషన్ వేస్తే ఫొటోల్లో కూడా కనిపించదు. అదే మేకప్‌ని రెండు వారాల ముందే ఒకసారి చెవి వెనక రాసి పడుతుందో లేదో చూసుకోండి. మీ రంగు అంటే ఏదో కూడా చెబుతాను. మోచేతికి పైన, చెయ్యి లోపలివైపు, ఎండ తగలని చోట చూసుకోండి. వైద్యంతో ముఖం అక్కడిదాకా వస్తే గెలిచినట్టే. దానికన్నా తెలుపు చేస్తామనేవాళ్లు మీ దగ్గర డబ్బులు తీసుకోవడానికి చెబుతున్నారు.

చివరికి పాప. ఏడేళ్ల పిల్లకి బుగ్గల మీద పొడిబారినట్టు, పొట్టు రాలుతున్నట్టు, అంచు ఎక్కడ మొదలైందో తెలియని పాలిపోయిన మచ్చలైతే చాలావరకు పిట్రియాసిస్ ఆల్బా అనేదే. నులిపురుగులవల్లనీ కాల్షియం తక్కువనీ అంటారు, రెండూ కాదు. పొడి చర్మం, ఎండ దీనికి కారణాలు. రోజుకి రెండుసార్లు మాయిశ్చరైజర్ రాయండి, నెలలు గడిచేసరికి రంగు కలిసిపోతుంది. బొల్లి మచ్చ వేరుగా ఉంటుంది, సున్నంలా తెల్లగా, అంచు గీసినట్టు, పొట్టు లేకుండా. ఇంకొక్కటి చూడండి. పాప కళ్లు మూయించి దూది పింజతో మచ్చ మీద తాకి, తెలిసిందా అని అడగండి. స్పర్శ తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు, ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. దాని పరీక్షా మందులూ అక్కడ ఉచితం, తొందరగా మొదలుపెడితే పూర్తిగా నయమవుతుంది. భయపెట్టడానికి చెప్పట్లేదు, పాప విషయంలో ఆ అవకాశం తక్కువే.

మీ ఊళ్లోనే ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, దాని ఆసుపత్రిలో చర్మవిభాగం ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కోండి. ప్రైవేటుకి వెళితే బోర్డు మీద డీవీఎల్ అన్న డిగ్రీ ఉందో లేదో చూడండి. కాస్మెటాలజీ అని మాత్రమే రాసి ఉంటే అది చర్మవైద్యం డిగ్రీ కాదు. ముఖానికి ఏమీ రాసుకోకుండా వెళ్లండి, వాడిన ట్యూబులన్నీ, హార్మోన్ మాత్రల షీటు, మంగు రాకముందు తీసిన ఫొటో ఒకటి పట్టుకెళ్లండి. పాపని కూడా అదే రోజు చూపించేస్తే ఇంకోసారి దుకాణం మూయాల్సిన పని ఉండదు.